కంపెనీ మానేస్తున్నా, ఈసాప్స్ తీసుకోవాలా వదిలేయాలా?

ప్రశ్న (కొండాపూర్ ఉద్యోగి):
అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఒక స్టార్టప్‌లో చేస్తున్నాను, అది ఇంకా స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాలేదు. వచ్చే నెల మానేస్తున్నా. ఈసాప్స్ అంటే కంపెనీ షేర్లను ముందే ఖరారైన ధరకు కొనుక్కునే ఆప్షన్లు, నావి 2,000 వెస్ట్ అయ్యాయి, అంటే వాడుకునే హక్కు వచ్చింది. ఎక్సర్‌సైజ్ ధర, అంటే కొనడానికి కట్టాల్సింది, షేరుకి 10 రూపాయలు. 20 వేలు కడితే షేర్లు నావే కదా అనుకున్నాను. నిన్న హెచ్‌ఆర్ వాళ్లు చెప్పింది విన్నాక నిద్ర పట్టలేదు. ఇప్పుడు షేరు ఫెయిర్ వాల్యూ, అంటే లెక్కగట్టిన విలువ, 900 అట, దాని మీద ట్యాక్స్ నేనే ముందు కట్టాలట, అదీ చివరి రోజు నుంచి 90 రోజుల్లో, లేదంటే అన్నీ పోయినట్టే. అమ్మని షేరుకి ట్యాక్స్ ఏంటండీ? ఇది చట్టమా, వీళ్ల సొంత రూలా? జీతం తగ్గించుకుని మరీ ఒప్పుకున్న ఆప్షన్లు ఇవి.

జవాబు (అమీర్‌పేట సీఏ):
90 రోజులన్నది చట్టంలో లేదు, మీ కంపెనీ స్కీములోది. కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన రూల్ 12 గ్రాంట్‌కీ (ఆప్షన్లు ఇవ్వడం) వెస్టింగ్‌కీ మధ్య కనీసం ఏడాది ఉండాలంటుంది. మానేస్తే వెస్ట్ కానివి రద్దవుతాయి, వెస్ట్ అయినవి స్కీములో రాసిన గడువులోగా తీసుకోవచ్చు. అందుకే గ్రాంట్ లెటర్ చాలదు, స్కీము పూర్తి కాపీ అడగండి.

ట్యాక్స్ మాత్రం చట్టమే. ఎక్సర్‌సైజ్ చేసిన రోజు, అంటే డబ్బు కట్టి షేర్లు తీసుకున్న రోజు, ఫెయిర్ వాల్యూలోంచి మీరు కట్టిన ధర తీసేస్తే మిగిలేది జీతం కిందే లెక్క, పెర్క్విజిట్ అంటారు. మీకు షేరుకి 890, మొత్తం 17.80 లక్షలు. 30 శాతం శ్లాబు, సెస్‌తో 31.2 అనుకుంటే ట్యాక్స్ 5,55,360, ఆ 20 వేలు దీనికి అదనం. 900 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగండి, లిస్ట్ కాని కంపెనీకి మర్చంట్ బ్యాంకర్ (సెబీలో నమోదైన ఆర్థిక సంస్థ) వాల్యుయేషన్ ఉండాలి, అది ఎక్సర్‌సైజ్ తేదీకి 180 రోజుల కన్నా పాతదై ఉండకూడదు.

జవాబు (విజయవాడ నుంచి):
స్టార్టప్ ఉద్యోగులకి ఈ ట్యాక్స్ వాయిదా వేసుకునే వీలు 2020 బడ్జెట్‌లో ఇచ్చారుగా?

జవాబు (అమీర్‌పేట సీఏ):
ఇచ్చారు, కానీ డీపీఐఐటీ (స్టార్టప్‌లను గుర్తించే కేంద్ర ప్రభుత్వ శాఖ) గుర్తింపు ఒక్కటే చాలదు, కంపెనీకి 80-ఐఏసీ (స్టార్టప్‌ల పన్ను మినహాయింపు) సర్టిఫికెట్ కూడా ఉండాలి. పైగా షేర్లు అమ్మినా, ఉద్యోగం మానేసినా ఆ వాయిదా అక్కడితో అయిపోతుంది. ఈయన మానేస్తున్నారు కాబట్టి పనికిరాదు.

జవాబు (పాత స్టార్టప్ ఉద్యోగి):
తమ్ముడూ, మూడేళ్ల కింద నేను అప్పు చేసి ఈ ట్యాక్స్ కట్టాను. తర్వాతి ఫండింగ్ రౌండ్‌లో వాల్యుయేషన్ సగానికి పైగా పడిపోయింది, కట్టింది మాత్రం వెనక్కి రాదు. రేపు నష్టానికి అమ్మినా అది క్యాపిటల్ లాస్ (ఆస్తి అమ్మకంలో వచ్చిన నష్టం), జీతం ఆదాయంలోంచి తీసేయనివ్వరు, ఎనిమిదేళ్లలోపు క్యాపిటల్ గెయిన్ (అలాంటి అమ్మకంలో లాభం) వస్తే దాంట్లోనే సర్దుకోవాలి. చేతికి రూపాయి రాకముందే ట్యాక్స్ అడగడం అన్యాయం అని నా గట్టి అభిప్రాయం, అమ్మినప్పుడే వసూలు చేయాలి. మీ కంపెనీ ఇదివరకు ఎప్పుడైనా ఉద్యోగుల దగ్గర బైబ్యాక్ చేసిందా, అంటే షేర్లు తిరిగి కొనిందా? చేయకపోతే అప్పు చేసి మాత్రం తీసుకోవద్దు. గడువు పెంచమని మెయిల్ పెట్టండి, కొన్ని కంపెనీలు ఒప్పుకుంటున్నాయి. స్కీము ఒప్పుకుంటే కొన్నే తీసుకోవచ్చు కూడా.

కొండాపూర్ ఉద్యోగి:
బైబ్యాక్ ఒక్కసారీ జరగలేదన్నా. స్కీము కాపీ కోసం, గడువు కోసం ఇప్పుడే మెయిల్ పెట్టాను. కుదరదంటే 500 తీసుకుంటా, ట్యాక్స్‌తో కలిపి 1,43,840 అవుతుంది, అంతవరకైతే అప్పు లేకుండా కట్టగలను.