తొమ్మిదేళ్లు మాన్యువల్ టెస్టింగ్ చేశాక ఆటోమేషన్ నేర్చుకుంటే ఉద్యోగం నిలుస్తుందా?

హన్మకొండ_టెస్టర్: తొమ్మిదేళ్లుగా మాన్యువల్ టెస్టింగే, అంటే సాఫ్ట్‌వేర్‌ను చేత్తో నొక్కి చూసి తప్పులు పట్టడం. ప్రాజెక్టు మార్చితో అయిపోతుందట. తర్వాత ఏమిటంటే మేనేజర్ మాట దాటేస్తున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అమీర్‌పేటలో ఒకచోట 45 వేలు కడితే మూడు నెలల్లో ఆటోమేషన్, ఏఐ రెండూ నేర్పుతామంటున్నారు. ఇంటి లోను నడుస్తోంది. కట్టమంటారా?

మడికొండ_కోడర్: కట్టకండి అన్నా. మనం రాసిన స్క్రిప్టుతో బ్రౌజర్‌లో టెస్టులు నడిపే టూల్స్ సెలీనియం, ప్లేరైట్ రెండూ ఉచితమే. స్క్రిప్టులు రాసే జావా భాష రాకపోతే ఎన్‌పీటెల్ సైట్‌లో ఐఐటీ వాళ్ల ఉచిత పాఠాలున్నాయి, పరీక్ష రాస్తేనే ఫీజు. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా కూర్చోండి. నేను అలాగే నేర్చుకున్నాను.

గోదావరిఖని_బిడ్డ: సింగరేణి నోటిఫికేషన్ కోసం చూడండి. ప్రైవేటును నమ్మలేం.

భద్రకాళి_గట్టు: రాత్రి తొమ్మిదికి కూర్చోమనడం తేలికే. నేను పాపను పడుకోబెట్టి ఒంటిగంట దాకా చదివాను. మూడు సర్టిఫికెట్లు తెచ్చుకున్నాను. అయినా తీసేశారు. పదిహేను నిమిషాల కాల్, సాయంత్రానికి లాగిన్ బంద్. నేర్చుకుంటే ఉద్యోగం ఉంటుందని ఎవరికీ మాటివ్వకండి.

మడికొండ_కోడర్: ఆ మూడూ దేనిమీద అక్కా? సర్టిఫికెట్ వేరు, పని రావడం వేరు. ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ చేయించి అక్కడికక్కడే కోడ్ రాయమంటారు.

సుబేదారి_61: ముందు సెలీనియమా, ప్లేరైటా తేల్చండి.

మడికొండ_కోడర్: సెలీనియం 2004 నుంచి ఉంది, పాత ప్రాజెక్టులు చాలావరకు దానిమీదే. ప్లేరైట్ 2020లో వచ్చింది, బటన్ సిద్ధమయ్యేదాకా అదే ఆగుతుంది. ఏది పట్టుకున్నా మొదట తగిలే దెబ్బ ఒకటే. బటన్ పేజీలో ఎక్కడుందో చెప్పే పొడుగాటి అడ్రస్, ఎక్స్‌పాత్ అంటారు, దాన్ని బ్రౌజర్‌లోంచి కాపీ చేసి పెడతారు. డెవలపర్ పేజీ కోడ్ మధ్యలో ఒక్క డివ్ ట్యాగ్ చేర్చగానే టెస్టు పడిపోతుంది. బటన్‌కు సొంత పేరులాంటి ఐడీ ఉంటే ఆ ఐడీనే పట్టుకోండి. రోజూ చేత్తో చేసే రిగ్రెషన్‌లోంచి, అంటే కొత్త మార్పుతో పాతవి చెడిపోలేదని చూసే టెస్టుల్లోంచి, ఒక్క కేసు తీసుకుని మొదలుపెట్టండి. అక్కా, ఏమీ అనుకోకండి, నిజంగా పని వచ్చినవాళ్లను ఏ కంపెనీ వదులుకోదు.

భద్రకాళి_గట్టు: అంటే నాకు పని రాదనా? మా టీమ్‌లో సగం స్క్రిప్టులు నేను రాసినవే. మా నాన్న కాజీపేట డీజిల్ షెడ్‌లో ఫిట్టర్. లైన్లన్నీ కరెంటువి అయ్యాక ఆ షెడ్డుకే ఎలక్ట్రిక్ ఇంజన్లు వచ్చాయి. ఇరవై ఏళ్లు డీజిల్ ఇంజన్లు విప్పి బిగించిన మనిషిని ట్రైనింగుకు పంపారు, జీతం ఇస్తూ, డ్యూటీ లెక్కలోనే. రూళ్ల నోటుబుక్కులో సర్క్యూట్ బొమ్మలు గీసుకుని, అర్థం కాని చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవాడు. నేర్చుకోవడం కూడా పనేనని అక్కడ ఒప్పుకున్నారు. మనం మాత్రం మన నిద్ర చెడగొట్టుకుని, మన పైసలు పెట్టి నేర్చుకోవాలి. ఉద్యోగం పోతే తప్పు మనదే!

సుబేదారి_61: అక్క చెప్పింది నిజం.

మడికొండ_కోడర్: ఆ మాట అనకుండా ఉండాల్సింది, తప్పు నాదే. కానీ కంపెనీ నేర్పేదాకా ఆగలేను. మా నాన్న ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో పెట్టిన మిల్లు, పోదనుకున్నారు. మూతపడ్డాక నూలు పని తప్ప ఇంకోటి రాని మనిషి పొద్దంతా అరుగు మీద కూర్చునేవాడు. మా అన్న ఇంటర్ మధ్యలో మానేశాడు. ఆ అరుగే నాకు కళ్లముందు ఉంటుంది అక్కా.

భద్రకాళి_గట్టు: మీ భయం అర్థమైంది. నా కోపం కూడా అర్థం చేసుకోండి. టెస్టర్ గారూ, మార్చిదాకా రోజుకో గంట ఆటోమేషన్‌కు పనివేళల్లోనే ఇవ్వమని మేనేజర్‌కు మెయిల్ పెట్టండి. నోటితో అడగకండి. జవాబు ఎలా వస్తుందో చూస్తే మిమ్మల్ని ఉంచుకునే ఉద్దేశం ఉందో లేదో కొంత తెలుస్తుంది.

హన్మకొండ_టెస్టర్: అమీర్‌పేటకు కట్టడం లేదు. మెయిల్ రాసి పెట్టాను, రేపు పొద్దున పంపుతాను. నిన్న రాత్రి లాగిన్ కేసు రాస్తే ఓటీపీ దగ్గర ఆగిపోయింది. దాన్ని ఎలా దాటిస్తారు?

మడికొండ_కోడర్: టెస్ట్ సర్వర్‌లో ఒకే ఓటీపీ ఎప్పుడూ పనిచేసేలా డెవలపర్లతో పెట్టించుకోండి అన్నా. అసలు సర్వర్‌లో మాత్రం వద్దు.