రాయలు తిరుమలలో "కొలువై" ఉన్నాడా?

తిరుమల ఆలయంలోని శ్రీకృష్ణదేవరాయల విగ్రహం మీద మా బృందానికి సమీక్షకు వచ్చిన విజ్ఞానసర్వస్వ వ్యాసం చదివాను. సమాచారం బాగానే సేకరించారు. రాయలు 1509 నుంచి 1529 దాకా ఏలడం, 1513 మొదలుకొని ఏడుసార్లు కొండకు రావడం, 1517లో తనవీ రాణులవీ ప్రతిమలు పెట్టించడం, అన్నీ వరుసలో ఉన్నాయి. నా పేచీ మొదటి వాక్యంతోనే:

"మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవీ చిన్నాదేవీ సమేతుడై కొలువై ఉన్నాడు."

చెవికి ఇంపుగానే ఉంది, అదే చిక్కు. "శ్రీదేవీ భూదేవీ సమేత" అని వినివిని, ఆ అచ్చులోనే రాజునూ పోసేశారు. కొలువు అంటే సేవ. రాజు సేవలందుకుంటూ కూర్చునే సభ కూడా కొలువే. "కొలువై ఉన్నాడు" అంటే పదిమంది తనను కొలుస్తుండగా ఆసీనుడై ఉన్నాడని. మరి అక్కడి రాయలు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. రాణులూ అంతే. హంపీలో ఆయన కొలువు తీరి ఉండేవాడంటే ఎవరూ కాదనరు. ఇక్కడ మాత్రం తానే కొలిచేవాడుగా కనిపించాలని కోరి చేయించుకున్న రూపం అది.

పైగా ఆ గుడిలో కొలువు అనే మాటకు సొంతదారు ఒకరున్నారు. రోజూ తోమాల సేవ (స్వామికి పూలమాలలు వేసే సేవ) అయ్యాక, స్వామి ప్రతిరూపమైన కొలువు శ్రీనివాసమూర్తికి దర్బారు జరుపుతారు. పంచాంగం వినిపిస్తారు, ముందురోజు హుండీ లెక్క చదువుతారు. అక్కడ కొలువైనవాడు ఆయన. అదే కప్పు కింద రాజునూ కొలువు తీర్చితే వాక్యం బొమ్మకు ఎదురు చెప్పినట్టే.

ఒక సభ్యుడు: మరీ పట్టుదలగా లేదా? ఇప్పుడు ఏ కూడలిలో ఏ నాయకుడి విగ్రహం పెట్టినా పత్రికలు "కొలువుదీరింది" అనే రాస్తున్నాయి. ఉద్యోగానికి కొలువు అంటున్నాం. మాట అర్థం విస్తరించింది, అంతే. వాడుకను మనం ఆపగలమా?

ఆపనక్కర్లేదు. ఉద్యోగాన్ని కొలువు అనడం విస్తరించడం కూడా కాదు, అది పాత అర్థమే: రాజుగారి కొలువులో చేరడం. కూడలి విగ్రహాన్ని పత్రికవాళ్లు కొలువుదీర్చితే నాకేం బాధ లేదు, శీర్షిక నిండాలి కదా. విజ్ఞానసర్వస్వం పని వేరు. చూడనివాడికి బొమ్మ ఎలా ఉందో చెప్పాలి. "కొలువై" అని చదివినవాడు సింహాసనం మీద కూర్చున్న రాజును ఊహించుకుంటాడు. ఆలయం లోపల ఫొటోలు తీయనివ్వరు కాబట్టి, ఈ వ్యాసంలో మాటే ఫొటో చేయాల్సిన పని చేయాలి.

మరొక సభ్యురాలు: అయితే "విగ్రహం" సంగతేమిటి? గుళ్లో విగ్రహం అంటే దేవుడే అనుకుంటారు కదా?

మంచి ప్రశ్న. సంస్కృతంలో విగ్రహమంటే శరీరం, ఆకారం. యుద్ధం కూడా. వీరేశలింగంగారి పంచతంత్ర భాగాలు "సంధి", "విగ్రహం" చదివినవాళ్లకు ఇది తెలిసిందే. సమాసానికి విగ్రహవాక్యం చెప్పడమూ ఈ మాటతోనే. కాబట్టి మాటలో దైవత్వం ఏమీ లేదు. టాంక్‌బండ్ విగ్రహాలు అని హాయిగా అంటున్నాం, వాటిలో రాయలవారిదీ ఉంది. ("శ్రీకృష్ణదేవరాయల విగ్రహం" అని ఊరికే పేరు పెడితే ఏ ఊరి విగ్రహమో తేలదు. శీర్షికలో తిరుమల ఉండి తీరాలి.)

అయినా ఇక్కడ నా ఓటు "ప్రతిమ"కే. ఆ మండపం పేరే ప్రతిమా మండపం. రాయలు, ఆయన ఇద్దరు రాణుల ప్రతిమలతో పాటు, ఆయన తర్వాత ఏలిన అచ్యుతరాయలు, అతని రాణి వరదాజమ్మల శిలాప్రతిమలు, ఇంకా తర్వాతి రాజు వెంకటపతిరాయల ప్రతిమ కూడా అక్కడే ఉన్నాయి. స్థలమే మాట అందిస్తుంటే వేరేది వెతకడం ఎందుకు?

అదే సభ్యురాలు: సంస్కృత నాటకకర్త భాసుడి ప్రతిమానాటకం గుర్తొచ్చింది. భరతుడు ప్రతిమాగృహంలోకి వెళ్లి, ఇక్ష్వాకు రాజుల ప్రతిమలను దేవతలనుకొని మొక్కబోతాడు. అక్కడి పరిచారకుడు ఆపుతాడు.

సరిగ్గా అదీ! ఆ పొరపాటే మన వ్యాసం మొదటి వాక్యంలో జరిగింది. ఆ సన్నివేశంలో ఇంకోటుంది: బతికున్నవాళ్లకు ప్రతిమలు పెడతారా అని భరతుడు అడిగితే, లేదు, పోయినవాళ్లకే అంటాడు పరిచారకుడు. దశరథుడి మరణం భరతుడికి తెలిసేది అలాగే. రాయలు మాత్రం తాను బతికుండగానే పెట్టించుకున్నాడు. అందుకే ఆ జోడించిన చేతులకు అంత విలువ. వ్యాసంలో ఈ సంగతి ఒక్క వాక్యమైనా లేదు. ఏడు యాత్రల జాబితా తగ్గించి దీనికి చోటివ్వొచ్చు.

ఇక వ్యాసంలోని "ప్రతిష్ఠించాడు" అనే మాట. దేవతామూర్తికి ప్రాణప్రతిష్ఠ ఉంటుంది, ఆ తర్వాత పూజ. పల్లవ రాణి సామవై సమర్పించిన వెండి భోగ శ్రీనివాసమూర్తికి ప్రతిష్ఠ అనడం న్యాయం. రాయల బొమ్మకు "ఆవిష్కరించాడు" అంతకన్నా అన్యాయం, అక్కడ తెర లాగిందెవరు? "చేయించి పెట్టించాడు" చాలు. కాస్త గంభీరంగా కావాలంటే "నెలకొల్పాడు".

లోహం సంగతి త్వరగా తేల్చేద్దాం. వ్యాసం పక్కనున్న పట్టికలో పంచలోహం అని, వ్యాసం లోపల ఒకచోట కంచు అని, ఇంకోచోట రాగి అని ఉంది. కంచు అంటే రాగిలో తగరం కలిసినది. మూడూ ఒకటి కావు. దేవస్థానం వర్ణనల్లో రాగి అనే ఉంది, అదే ఉంచండి.

నా సవరణ ఇది: "మహాద్వారం దాటగానే కుడివైపు ప్రతిమా మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడినట్టున్న రాగి ప్రతిమలు ఉన్నాయి. భుజాల మీద వారి పేర్లు చెక్కి ఉన్నాయి."

మొదటి సభ్యుడు: వాక్యం చప్పగా ఉంది. "కైమోడ్చి" అనొచ్చుగా?

అనొచ్చు. "కైమోడ్చి నిలిచిన" అని మారుస్తాను. "సమేతుడై" మాత్రం మళ్లీ తీసుకురాకండి.