ఎక్కుడు దగ్గర ఆగి, కాసేపటికి తనంతట తానే బాగయ్యే పాత డీజిల్ బండి: పంపు విప్పించాలా?

పస్రా రైతు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నా దగ్గర 2006 మోడల్ పికప్ ఉంది. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజన్, కామన్ రైల్ (కంప్యూటర్ నడిపే డీజిల్ పద్ధతి) రాకముందుది కాబట్టి డీజిల్‌ను ఒత్తిడితో నెట్టే పంపు, ఇంజన్‌లోకి చిమ్మే నాజిళ్లు అన్నీ మెకానికల్‌వే. స్కానర్ తగిలించి లోపం చదువుదామంటే అందులో కంప్యూటరే లేదు. మిర్చి సీజన్‌లో వారానికి రెండుసార్లయినా బస్తాలు వేసుకొని ఎనుమాముల మార్కెట్‌కు వస్తుంటాను.

నాలుగు నెలలుగా ఒక ఇబ్బంది వదలడం లేదు. పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంటుంది, ఊళ్లో తిరిగినంతసేపు ఏ లోపమూ కనిపించదు. లోడుతో ములుగు దాటి గట్టమ్మ దగ్గర ఎక్కుడు ఎక్కేటప్పుడు మాత్రం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా బండి లాగదు. రెండు మూడు కుదుపులిచ్చి, మెల్లమెల్లగా నీరసించి ఆగిపోతుంది. పక్కకు నెట్టి, పది పదిహేను నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అయి వరంగల్ దాకా వచ్చేస్తుంది. ఒక్కోసారి ఆత్మకూరు దగ్గర మళ్లీ ఆగుతుంది, ఒక్కోసారి పది రోజుల వరకు అసలు ఆగదు. గట్టమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టకుండా పోతున్నందుకేమో అని మా అమ్మ అంటే అదీ కొట్టి చూశాను. ఆ రోజు గుడి దాటి కొంతదూరం పోయాక ఆగింది.

షెడ్డుకు తీసుకెళ్లిన రోజు మాత్రం బండి ఎంతో బుద్ధిగా నడుస్తుంది. డీజిల్ ఫిల్టర్లు రెండుసార్లు, ఎయిర్ ఫిల్టర్ ఒకసారి మార్పించాను. ఇప్పుడు మెకానిక్ "పంపు పోయింది, కాలిబ్రేషన్ (పంపు కొలత సరిచేయడం) చేయియ్యాలె, నాజిళ్లు కూడా మార్చాలె" అంటున్నాడు; 18,000 రూపాయల దాకా అవుతుందట. అంత పెట్టాక కూడా మళ్లీ అక్కడే ఆగితే నేను ఎవరిని అడగాలి? షెడ్డులో కనిపించని లోపాన్ని పట్టుకునే పద్ధతి ఏదైనా ఉంటే అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

డిపో మెకానిక్:

తమ్ముడూ, నేను ఆర్టీసీ డిపోలో చాలా ఏళ్లు డీజిల్ ఇంజన్ల మీదే పనిచేసి రిటైరైనవాణ్ని. పంపు మీద ఇప్పుడే చెయ్యి వేయించకండి. వచ్చిపోయే లోపాన్ని పట్టుకోవడానికి దొరికే సమయం బండి ఆగి ఉన్న ఆ పది నిమిషాలే. ఆ పది నిమిషాలను మీరు చెట్టు కింద కూర్చొని గడిపేస్తున్నారు. ఒక టార్చి, 10, 12 నంబర్ల స్పానర్లు, ఒక పాత గుడ్డ బండిలో పెట్టుకోండి.

ముందుగా గమనించవలసింది ఇంజన్ ఎలా ఆగుతున్నది అన్నది. తాళం తిప్పి ఆపినట్టు టక్కున ఆగితే కరెంటు వైపు చూడాలి. మీరు రాసినట్టు గుంజి గుంజి, నీరసించి ఆగితే డీజిల్ అందడం లేదని అర్థం. ఆగిన వెంటనే ఒకరిని సెల్ఫ్ కొట్టమని మీరు సైలెన్సర్ వైపు చూడండి. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్ దాకా వెళుతున్నది గాని మండడం లేదు; అసలు పొగే లేకపోతే డీజిల్ అక్కడిదాకా చేరడమే లేదు.

ఆ తర్వాత ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) మీద ఉన్న హ్యాండ్ పంపు మర విప్పి పైకి లాగండి. ఈ ఒక్క పనిలో చెయ్యి చెప్పినంత బాగా ఏ మీటరూ చెప్పదు. మామూలుగా అయితే అది సులువుగా పైకి వస్తుంది. ట్యాంకు వైపు దారి మూసుకుపోయి ఉంటే మాత్రం, సూది మూతిని వేలితో మూసి సిరంజి లాగినట్టు, లాగుతుంటే బిగిసిపోయి, వదలగానే కిందికి గుంజుకుంటుంది. సులువుగానే వస్తే ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ కొద్దిగా వదులు చేసి పంపు కొట్టి చూడండి: నురగ, బుడగలు వస్తే ఎక్కడో గాలి పీలుస్తున్నది; బుడగ లేకుండా చిక్కటి ధార వస్తే ఫిల్టర్ వరకు అంతా బాగున్నట్టే, అప్పుడే పంపును అనుమానించాలి.

గాలి విషయంలో చాలామంది పొరబడతారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్ నెట్టబడదు, పీల్చబడుతుంది. కాబట్టి ఆ పైపులో సన్నటి పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క తడి లేదు కదా, లీకేజీ ఎక్కడిది అని వాదించే డ్రైవర్లు మా డిపోలో ఎందరో ఉండేవారు. ఫీడ్ పంపుకు ముందు ఒక జానెడు పారదర్శకమైన డీజిల్ గొట్టం వేసి, రెండు వైపులా క్లిప్పులు బిగించి చూడండి, లోపల పోయేదంతా కంటికే కనిపిస్తుంది. పరీక్ష అయ్యాక దాన్ని తీసివేయాలి సుమా, ఆ వేడికి అది ఎక్కువ కాలం ఆగదు.

ట్యాంకు మూతను కూడా మరవకండి. ఆగిన వెంటనే మూత తిప్పితే "ఉస్స్" మని గాలి లోపలికి పోతే మూతలోని గాలి రంధ్రం పూడిపోయినట్టు. నాజిల్ పైపులు వదులు చేసే పని మాత్రం మీరు పెట్టుకోవద్దు. అక్కడ వందల బార్‌ల వరకు ఒత్తిడి ఉంటుంది, ఆ తుంపర చర్మంలోకి దూసుకుపోతుంది.

హనుమకొండ ఆటో ఎలక్ట్రీషియన్:

పెద్దాయన చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట చేరుస్తాను. ఇలాంటి పంపుల్లో కొన్నింటికి స్టాప్ సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే డీజిల్ కవాటం) ఉంటుంది. తాళం ఆన్‌లో ఉన్నంతసేపు దానికి 12 వోల్టులు అందితేనే అది డీజిల్ దారి తెరిచి ఉంచుతుంది. ఇగ్నిషన్ స్విచ్ అరిగినా, వైరు కనెక్టర్ వదులైనా కరెంటు క్షణం పోయి క్షణం వస్తూ ఉంటుంది, అప్పుడు కుదుపులూ రావచ్చు, కాబట్టి కుదుపులు వచ్చినంత మాత్రాన కరెంటు తప్పు లేదనుకోవద్దు. సోలనాయిడ్ వైరుకు సమాంతరంగా ఒక చిన్న బల్బు కట్టి డ్యాష్‌బోర్డు మీద కనిపించేలా పెట్టుకోండి. బండి నీరసించేటప్పుడు బల్బు స్థిరంగా వెలుగుతుంటే ఆ దారిలో కరెంటు తప్పు లేదు. ఖర్చు యాభై రూపాయలు కూడా కాదు.

పరకాల డ్రైవర్:

నా బండికీ ఇలాగే అయితే పంపు కాలిబ్రేషన్ చేయించాను, ఆ తర్వాత రెండేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. పాత బండ్లకు పంపు ఎలాగూ అరుగుతుంది కదా, అనవసరంగా రోడ్డు మీద ప్రయోగాలు ఎందుకు?

డిపో మెకానిక్:

పరకాల సోదరునికి: మీ బండి వేడి మీద స్టార్ట్ కాకపోవడం అన్న లోపంతో మొదలై ఉంటుందని నా ఊహ. లోపల అరిగిన రోటరీ పంపు చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. వేడెక్కాక డీజిల్ పలచబడి సందుల్లోంచి జారిపోతుంది కాబట్టి ఆపిన ఇంజన్ వెంటనే అందుకోదు. దానికి పరీక్ష, ఇంజన్ ఆపి ఉండగా పంపు మీద తడి గుడ్డ కాసేపు వేసి చూడడం. చల్లారాక వెంటనే అందుకుంటే అరుగుదలే అని నమ్మవచ్చు. వేడి పంపు మీద బకెట్‌తో నీళ్లు కుమ్మరించేవారిని చూశాను, ఆ పని చేయవద్దు, పంపు పట్టేస్తుంది. పస్రా తమ్ముని బండి మాత్రం నడుస్తూ నడుస్తూ, లోడులో, ఎక్కుడు మీద ఆగుతున్నది. డీజిల్ ఎక్కువ కావలసిన సమయంలోనే అందడం లేదన్నమాట.

పస్రా రైతు:

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించగలరు. బల్బు కట్టాను, అది ఒక్కసారి కూడా ఆరలేదు. ట్యాంకు మూత తీస్తే ఏ శబ్దమూ రాలేదు. పారదర్శక గొట్టం వేయగానే ఆవగింజంత బుడగలు వరుసగా పోవడం కనిపించింది. వెతికితే ఫీడ్ పంపు దగ్గర రబ్బరు గొట్టం క్లిప్పు కింద నెర్రెలు బారి ఉంది. గొట్టం, క్లిప్పులు మార్చాను, బుడగలు పోయాయి. ఆరు రోజులు నాలుగు ట్రిప్పులు హాయిగా తిరిగాను, ఇక్కడ ధన్యవాదాలు రాద్దామని కూర్చున్న రోజే మల్లంపల్లి దగ్గర ఆగిపోయింది.

ఈసారి మాత్రం చెట్టు కిందికి పోలేదు. సెల్ఫ్ కొడితే సైలెన్సర్‌లో పొగ లేదు. హ్యాండ్ పంపు లాగితే మీరు చెప్పిన సిరంజి లాగే బిగిసింది, వదిలితే కిందికి గుంజుకుంది. పదిహేను నిమిషాల తర్వాత అదే పంపు వెన్నలా పైకి వచ్చింది. ఇదేమిటో నాకు అంతుపట్టలేదు.

డిపో మెకానిక్:

శభాష్, ఇక దొంగ ట్యాంకులోనే ఉన్నాడు. గొట్టం పగులు నిజమైన లోపమే, కానీ మీరు వెతుకుతున్న లోపం అది కాదు. పాత బండిలో ఒకేసారి రెండు ఉండడం మామూలే. బిగుసుకున్నది పదిహేను నిమిషాల్లో వదిలిందంటే అడ్డం పడుతున్నది పైపులో ఇరుక్కున్న మట్టి కాదు, ట్యాంకులో అటూ ఇటూ కదిలే వస్తువు. ఇంజన్ గట్టిగా పీల్చినప్పుడు అది పైపు మూతికి అతుక్కుంటుంది, ఇంజన్ ఆగి పీల్చడం తగ్గగానే మెల్లగా ఊడి అడుగుకు పోతుంది.

విప్పే ముందు రుజువు చేసుకోండి. పీల్చే గొట్టాన్ని, మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ గొట్టాన్ని ట్యాంకు నుంచి తప్పించి, ఐదు లీటర్ల శుభ్రమైన డీజిల్ క్యాన్‌లో పెట్టి, క్యాన్ కదలకుండా కట్టి, లోడుతో అదే ఎక్కుడు రెండుమూడుసార్లు ఎక్కించండి. రిటర్న్ గొట్టం మరిచిపోతే క్యాన్ త్వరగా ఖాళీ అవుతుంది. క్యాన్‌తో ఆగకపోతే ట్యాంకు దించండి. దించేటప్పుడు దగ్గర బీడీ, మంట ఏదీ ఉండకూడదని మళ్లీ చెప్పనక్కరలేదు.

పస్రా రైతు:

క్యాన్ కట్టి ఇరవై ఐదు బస్తాల లోడుతో గట్టమ్మ ఎక్కుడు నాలుగుసార్లు ఎక్కించాను, ఒక్కసారి కూడా నీరసించలేదు. నిన్న ట్యాంకు దించాము. అడుగున పిడికెడు తుప్పు, దానితో పాటు రెండు వేళ్ల వెడల్పున్న పల్చటి తెల్ల కవరు ముక్క. తీసి ఆరబెడితే మధ్యలో గుండ్రంగా పైపు మూతి అచ్చు పడి ఉంది.

అది ఎక్కడిదో చూడగానే తెలిసింది. బావి దగ్గరి ఇంజన్ కోసం ఇంట్లో డీజిల్ క్యాన్లు ఉంటాయి. మూత దగ్గర కారకుండా యూరియా బస్తా లోపలి కవరు ముక్క చింపి, మూత కింద పెట్టి బిగించడం మాకు అలవాటు. బంకు దాకా పోయే ఓపిక లేని రోజున ఆ క్యాన్ నుంచే బండిలో పోశాను, ముక్క కూడా పడి ఉంటుంది. అలాంటి కవరు తేలాలి కదా, అడుగున ఎందుకుంది అని మా తమ్ముడు అడిగితే ఇంట్లోనే చూశాము: నీళ్ల గిన్నెలో వేస్తే తేలింది, డీజిల్ గిన్నెలో వేస్తే మునిగింది.

డిపో మెకానిక్:

నీటి కంటే ఆ కవరు తేలిక, డీజిల్ ఆ కవరు కంటే కూడా తేలిక, అందుకే మునిగింది. ట్యాంకును డీజిల్‌తోనే రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి బిగించండి; నీళ్లతో కడిగితే కొత్త తుప్పు మీరే పెట్టినట్టు అవుతుంది. లోపలి పైపు చివర జల్లెడ ఉందో లేదో చూశారా? అది ఉండి ఉంటే కవరు అంత గుండ్రంగా అచ్చు పడేది కాదు.

పస్రా రైతు:

జల్లెడ లేదు, ఎప్పుడో ఊడిపోయినట్టుంది. కొత్తది వేయించాను, వంద రూపాయల లోపే అయింది. రేపు పొద్దున బస్తాలతో బయలుదేరుతున్నాను. క్యాన్ మూతలకు ఈసారి రబ్బరు వాషర్లు కొన్నాను.