ఓఎస్‌పీఎఫ్ నైబర్ ఎక్స్‌స్టార్ట్ కాడనే ఆగుతుంది, పింగ్ మాత్రం మంచిగనే పోతుంది

మిర్యాలగూడ_లింక్:
అన్నలకు నమస్తే. నల్గొండ మెయిన్ పాయింట్ నుంచి మిర్యాలగూడకు కొత్తగ లేయర్-2 లీజు లైన్ తీసుకున్నం. నల్గొండల ఎల్3 స్విచ్, మిర్యాలగూడల రౌటర్. రెండు దిక్కుల ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) పెట్టినం: ఏరియా 0, హలో 10, డెడ్ 40, మాస్క్ /30. అథెంటికేషన్ లేదు. పింగ్‌ల ఒక్క డ్రాప్ లేదు. అయినా నైబర్ ఫుల్ (2-వే, ఎక్స్‌స్టార్ట్, ఎక్స్‌చేంజ్, లోడింగ్ దాటినంక వచ్చే ఆఖరి మెట్టు) అయితలేదు. నల్గొండల (రౌటర్ ఐడీ 10.255.0.1) చూస్తే ఎక్స్‌చేంజ్, మిర్యాలగూడల (10.255.0.2) చూస్తే ఎక్స్‌స్టార్ట్. రెండు నిమిషాలకు పడిపోయి మళ్ల మొదటికొస్తది. లాగ్‌ల "టూ మెనీ రీట్రాన్స్‌మిషన్స్" అని ఉంటది. రైస్ మిల్లుల కనెక్షన్లన్నీ ఇప్పటికి స్టాటిక్ రూట్ల (చేత్తో రాసిన దారుల) మీదనే నడుస్తున్నయి. ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ ఎంత పెద్దగుండొచ్చో చెప్పే హద్దు) ఇగ్నోర్ కమాండ్ కొడితే అయితదంటున్నరు. కొట్టాల్నా?

ఇంకోటి, హాలియాల ఒకే స్విచ్‌కు నాలుగు రౌటర్లున్నయి. అందుల ఒక జత ఎప్పుడు చూసినా 2-వే కాడనే ఉంటది. అది కూడ ఇదే జబ్బా?

పాలమూరు_కోర్:
హాలియాది జబ్బు కాదు తమ్మీ, అట్లనే ఉండాలె. ఒకే స్విచ్ మీద నలుగురుంటే ఒకరు డీఆర్ (అందరి సమాచారం అందరికి చేరేసే పెద్ద), ఒకరు బీడీఆర్ (డీఆర్ పడిపోతే దాని జాగల నిలబడేది) అయితరు. మిగిలిన ఇద్దరు ఆ ఇద్దరితోనే ఫుల్ అయితరు, వాళ్లల్ల వాళ్లు 2-వే కాడనే ఆగుతరు. డీఆర్ ఎవరో నువ్వే తేల్చాల్నంటే ప్రయారిటీ పెట్టు: డీఫాల్ట్ 1, ఎన్నడూ కావొద్దన్నదానికి 0.

ఇగ మిర్యాలగూడ సంగతి. రెండు దిక్కులా ఎంటీయూ ఎంతుందో రాయలేదు, కాని నల్గొండ స్విచ్‌ల 9000, అవతల 1500 ఉండొచ్చు. నీ స్టేట్లే ఆ మాట చెప్తున్నయి.

హలో ప్యాకెట్ చాలా చిన్నది. ఐపీ హెడర్ 20, ఓఎస్‌పీఎఫ్ హెడర్ 24, హలో భాగం 20, ఒక నైబర్ ఐడీ 4, అన్నీ కలిపితే 68 బైట్లు. అది 224.0.0.5 మీద ఏ లైన్ల నుంచైనా దూరి పోతది. అవతలోని హలోల తన ఐడీ కనపడంగనే 2-వే అయితది. అందుకే ఇక్కడిదాక ఏ తకరారు రాదు. తర్వాత డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్లు (నా దగ్గర ఏమేమున్నయో చెప్పే పట్టికలు) మొదలైతయి. వాటిల హెడర్ తర్వాత మొదటి రెండు బైట్లు పంపేవాని ఇంటర్‌ఫేస్ ఎంటీయూ. ఆ అంకె తను తీసుకోగలిగినదానికంటె పెద్దగుంటే, ప్యాకెట్ ఖాళీగున్నా సరే, రౌటర్ దాన్ని పక్కన పడేస్తది. అంటే తిరస్కరించేది చిన్న ఎంటీయూ ఉన్నోడే.

ఇప్పుడు నీ ఐడీలు చూడు. మాస్టర్ అయ్యేది పెద్ద ఐడీ, అంటే మిర్యాలగూడ. దాని ప్యాకెట్ల 1500 ఉంది కాబట్టి నల్గొండ ఒప్పుకొని, నేను స్లేవ్‌నని ఎక్స్‌చేంజ్‌కు పోయింది. జవాబుల 9000 రాసి పంపింది. మిర్యాలగూడ దాన్ని తీసుకోలేదు, ఎక్స్‌స్టార్ట్‌లనే నిలబడి ఐదు సెకన్లకోసారి అడిగిందే అడుగుతుంది. ఐడీలు తారుమారైతే రెండు దిక్కులా ఎక్స్‌స్టార్టే కనపడేది.

ఇగ్నోర్ మాత్రం కొట్టకు. అది అంకె చూసుడు ఆపుతది గాని ప్యాకెట్‌ను చిన్నగ చేయదు. లెక్క చూడు: డేటాబేస్‌ల ఒక్కో ఎల్‌ఎస్‌ఏ (దారుల సమాచారపు ముక్క) హెడర్ 20 బైట్లు, 1500ల 72 హెడర్లు పడతయి. ఇయ్యాల నీ నెట్‌వర్క్‌ల 40 ఉంటే ఫుల్ అయి కూసుంటది. మిల్లుల స్టాటిక్ రూట్లన్నీ రీడిస్ట్రిబ్యూట్ చేసి (ఓఎస్‌పీఎఫ్‌లకు తెచ్చి) 150 అయినంక లింకు ఒక్కసారి పడి లేస్తే, నల్గొండ 3052 బైట్ల ప్యాకెట్ ఒకటే పంపుతది, అవతల అందదు. కాన్ఫిగ్ ఎవరూ ముట్టలేదాయె, అప్పుడు ఎక్కడ వెతుకుతవ్? నల్గొండల ఆ ఇంటర్‌ఫేస్ ఐపీ ఎంటీయూ 1500 చెయ్యి, అంతే.

దేవరకొండ_టవర్:
పాలమూరు అన్న చెప్పింది కరెక్టే. ఒకటి కలుపుతున్న. రెండు చివర్ల 1500 ఉన్నా నడుమల లీజు లైన్ అంత మోస్తదని గ్యారంటీ లేదు. డీఎఫ్ బిట్ (ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దన్న గుర్తు) పెట్టి 1500 సైజుతో పింగ్ కొట్టు. కొన్ని రౌటర్ల మీద ఆ సైజుల ఐపీ హెడర్ కలిసే ఉంటది. ల్యాప్‌టాప్ నుంచి కొడితే 1472 అనే ఇయ్యాలె, మిగతా 28 అదే కలుపుకుంటది. ఇక్కడ చానామంది లెక్క తప్పుతరు.

లింకు మీద ఇద్దరే ఉన్నరు కాబట్టి రెండు దిక్కులా పాయింట్-టు-పాయింట్ టైప్ పెట్టు, డీఆర్ ఎన్నిక కోసం 40 సెకన్లు ఆగే పని ఉండదు. ఒక్క దిక్కే పెట్టి ఊకుంటే టైమర్లు ఒకటే గనక ఫుల్ అని చూపిస్తది, రూట్లు మాత్రం టేబుల్‌లకు రావు.

మిర్యాలగూడ_లింక్:
నల్గొండల 9000 ఉండె, 1500 చేసిన. రెండు దిక్కులా పాయింట్-టు-పాయింట్ పెట్టిన. ఫుల్ అయింది, రూట్లు వచ్చినయి. కాని డీఎఫ్ పింగ్ 1500కు పోతలేదు, 1496 వరకే పోతుంది.

పాలమూరు_కోర్:
నాలుగు బైట్ల తేడా అంటే లైన్ ఇచ్చినోళ్లు నడుమల ఇంకో వీలాన్ ట్యాగ్ (ఫ్రేమ్‌కు కలిపే నాలుగు బైట్ల గుర్తు) తగిలిస్తున్నరు, వాళ్ల స్విచ్‌ల ఫ్రేమ్ సైజు పెంచలేదు. ఇప్పుడు ఫుల్ అయింది ఎల్‌ఎస్‌ఏలు తక్కువున్నయి కాబట్టే. నిండిన డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్ 1492 బైట్లు, అది ఎట్లనో పడుతది. ఎండీ5 అథెంటికేషన్ పెడితే ఇంకో 16 బైట్లు తోడైతయి, ఆ 16ను లెక్కల పట్టుకోని రౌటర్ ఉంటే ఇబ్బందే. లింక్ స్టేట్ అప్‌డేట్‌లు (ఎల్‌ఎస్‌ఏలను మోసే ప్యాకెట్లు) 1500 దాక నిండి రావొచ్చు, అవి పోకుంటే లోడింగ్ కాడ ఆగుతది.

వాళ్లకు టికెట్ పెట్టి ఫ్రేమ్ సైజు పెంచుమను. అయ్యేదాక రెండు చివర్లా ఐపీ ఎంటీయూ 1496 పెట్టు, టీసీపీ ఎంఎస్‌ఎస్ (ఒక్క ప్యాకెట్‌ల పట్టే డేటా హద్దు) 1456కు క్లాంప్ చెయ్యి. లేకుంటే మిల్లులోళ్లకు చిన్న సైట్లు తెరుచుకుంటయి, పెద్ద ఫైల్ పంపంగనే నిలిచిపోతది. స్టాటిక్ రూట్లు ఓఎస్‌పీఎఫ్‌లకు తెచ్చేటప్పుడు ఒక్కోటి కాకుండ బ్లాక్ మొత్తం ఒకటే /24గ సమ్మరీ చేసి పంపు. డీఎఫ్ పింగ్ 1500 పోయిన్నాడు స్టాటిక్‌లు తీసెయ్యి, అంతకుముందు తియ్యకు.