పిల్లల ఫోనులో వారికి తెలియకుండా నిఘా యాప్ పెట్టవచ్చా?

ఏడో తరగతి అమ్మ

మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఈ మధ్యే సొంత ఫోను ఇచ్చాం. పిల్లలకు చెప్పకుండా నిఘా యాప్ పెడితే సందేశాలు, ఫోటోలు, ఎక్కడున్నారన్నది అన్నీ మన ఫోనులో కనిపిస్తాయని తోటి తల్లిదండ్రులు అంటున్నారు. పాఠశాల కూడా తాను ఇచ్చే ట్యాబ్‌లలో అలాంటిదే పెట్టే ఆలోచనలో ఉంది, మా అభిప్రాయం రాసి పంపమంది. పెట్టడానికి మనసు ఒప్పడం లేదు, వద్దనడానికి ధైర్యం చాలడం లేదు. మీరేమంటారు?

ఇద్దరి నాన్న

పెట్టండి. ఆటలో పరిచయమైన ‘అమ్మాయి’ నిజంగా అమ్మాయో కాదో పన్నెండేళ్ల పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? ముందు ఆటలో పొగుడుతారు, తర్వాత వేరే యాప్‌లోకి రమ్మంటారు, ఒక ఫోటో అడుగుతారు. అది చేతికి చిక్కగానే డబ్బు పంపమని బెదిరిస్తారు. ఇదంతా కొన్ని గంటల్లో జరిగిపోతుంది. పిల్లవాడు వచ్చి చెప్పేదాకా ఆగితే మిగిలేదేమీ ఉండదు. ముందే చెప్పి పెడితే వాడు ఇంకో దారి వెతుక్కుంటాడు, అందుకే చెప్పకుండా పెట్టాలి.

తరగతి గది

నేను ఉపాధ్యాయురాలిని. పై మిత్రులు చెప్పిన ప్రమాదం నిజమే, అందులో అతిశయోక్తి లేదు. కానీ ఆ బెదిరింపుకు బలం ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ‘మీ ఇంట్లో వాళ్లకు పంపిస్తాను’ అన్న ఒక్క మాట మీదే అది నడుస్తుంది. అమ్మానాన్నలకు తెలిస్తే అంతా అయిపోయినట్టేనని పిల్లవాడు నమ్మినంత కాలం మోసగాడిదే పైచేయి. రహస్య నిఘా ఆ నమ్మకాన్ని ఇంకా పెంచుతుంది. యాప్ సంగతి ఏదో ఒక రోజు బయటపడుతుంది. ఆ తర్వాత పిల్లవాడు స్నేహితుడి ఫోను వాడతాడు, ఇంకో ఖాతా తెరుస్తాడు. నిజంగా ఆపద వచ్చిన రోజున మీ దగ్గరికి మాత్రం రాడు.

ఇంకో సంగతి. ఆ యాప్‌లో మీ పిల్లవాడి సందేశాలే కాదు, వాడిని నమ్మి రాసిన స్నేహితుల సందేశాలు కూడా కనిపిస్తాయి. ఇంట్లో దెబ్బలు తింటున్న ఒక అమ్మాయి ఆ సంగతి స్నేహితురాలికి రాసుకుందనుకోండి. అది ముందుగా ఎవరి కంటబడాలి? కొందరు పిల్లలకు ప్రమాదం ఇంట్లోనే ఉంటుంది.

పాఠశాల ట్యాబ్‌ల విషయంలో నా అభ్యంతరం మరింత గట్టిది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో లోయర్ మెరియన్ అనే పాఠశాల జిల్లా (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. పోయినవాటిని వెతకడానికని వాటిలో దూరం నుంచే కెమెరా పనిచేయించే సాఫ్ట్‌వేర్ పెట్టింది. ఆ సంగతి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ చెప్పలేదు. ఇంట్లో, పడకగదిలో ఉన్న పిల్లల ఫోటోలు కూడా ఆ కెమెరాలకు చిక్కాయి. 2010లో కేసు కోర్టుకెక్కాక తేలిందేమిటంటే, ఫోటోలు, తెర చిత్రాలు (స్క్రీన్‌షాట్లు) కలిపి 50 వేలకు పైగా పోగయ్యాయి. చివరికి 6,10,000 డాలర్లకు రాజీ కుదిరింది. మొదలుపెట్టింది దొంగతనాలను అరికట్టడానికే.

భద్రతా ఇంజినీరు

సాంకేతికంగా ఒక్క మాట. టీన్‌సేఫ్ అనే యాప్‌ను తల్లిదండ్రుల కోసమే అమ్మేవారు. 2018లో దాని సర్వర్లు ఏ రక్షణా లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నట్టు బయటపడింది. పిల్లల యాపిల్ ఖాతాల వివరాలు, పాస్‌వర్డ్‌లతో సహా, ఎవరైనా చదవగలిగేలా ఉన్నాయి. పైగా ఆ యాప్ పనిచేయాలంటే రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రక్షణ, తీసేయాల్సి వచ్చేది. అంటే పిల్లల ఖాతాకు ఉన్న తాళం మనమే తీసి తాళంచెవి పరాయివాళ్ల దగ్గర పెట్టినట్టయింది.

ఫోనులోనే ఉండే తల్లిదండ్రుల నియంత్రణలు (పేరెంటల్ కంట్రోల్స్) వేరు. కొత్త యాప్‌కు మీ అనుమతి, వాడే సమయానికి పరిమితి, వయసుకు తగని వాటికి అడ్డు, ఇవన్నీ పిల్లలకు తెలిసే జరుగుతాయి. అలాంటి నియంత్రణలు ఇచ్చే గూగుల్ ఫ్యామిలీ లింక్‌లో పిల్లల సందేశాలు తల్లిదండ్రులకు కనిపించవు. ముందు వీటిని సరిచేసుకోండి, ఆటల్లో అపరిచితుల చాట్ ఆపేయండి.

ఇద్దరి నాన్న

సర్వర్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ మీరిద్దరూ వచ్చి చెప్పుకునే పిల్లల గురించే మాట్లాడుతున్నారు. ఎంత ప్రేమగా పెంచినా నోరు విప్పని పిల్లలుంటారు. నేను భయపడేది వాళ్ల గురించే.

తరగతి గది

అసలు ప్రశ్న అదేనండి. నేను చూసినంతలో పిల్లలు నోరు విప్పకపోవడానికి పెద్ద కారణం సిగ్గు, దాని తర్వాతిది ఫోను లాక్కుంటారన్న భయం. అందుకే ఏ గొడవా లేని రోజునే మాట ఇవ్వాలి: ‘ఏం జరిగినా నాకు చెప్పు, చెప్పినందుకు ఫోను తీసుకోను.’ ఇచ్చిన మాట తప్పకూడదు. బెదిరింపు వస్తే ఏం చేయాలో కూడా అప్పుడే చెప్పాలి. డబ్బు పంపకూడదు, సందేశాలు చెరపకూడదు, తెర చిత్రాలు దాచుకుని బెదిరించినవారి ఖాతాను బ్లాక్ చేయాలి, వెంటనే ఒక పెద్దవారిని పిలవాలి.

ఫోటో చేయి దాటిపోయినా దారి మూసుకుపోదు. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికా జాతీయ కేంద్రం 2023లో ‘టేక్ ఇట్ డౌన్’ అనే సేవ ప్రారంభించింది. ఫోటో ఎవరికీ పంపనక్కర్లేదు, పేరు చెప్పనక్కర్లేదు. మన పరికరంలోనే ఆ చిత్రానికి వేలిముద్ర లాంటి ఒక సంఖ్యా ముద్ర తయారవుతుంది, ఆ ముద్ర మాత్రమే ఇందులో చేరిన సంస్థలకు వెళ్తుంది. తమ వేదికల మీద అదే చిత్రం ఉంటే వారు తొలగిస్తారు. ఇందులో చేరని వేదికల్లో, సంకేతీకరించిన (పంపినవారు, అందుకున్నవారు తప్ప ఎవరూ చదవలేని) సందేశాల్లో ఇది పనిచేయదు. అయినా ఈ సేవ ఉందని తెలిస్తే చాలు, పిల్లవాడికి ఊపిరి ఆడుతుంది.

చిన్నపిల్లల మీద ఓ కన్నేసి ఉంచవద్దని నేను అనడం లేదు. వారికి తెలిసేలా ఉంచండి, వయసుతో పాటు తగ్గించండి. పిల్లల డిజిటల్ హక్కుల మీద ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల సంఘం 2021లో ఇచ్చిన వ్యాఖ్య కూడా ఇదే చెబుతోంది: పర్యవేక్షణ అవసరానికి మించకూడదు, ఎదుగుతున్న పిల్లల సామర్థ్యానికి తగ్గట్టు ఉండాలి.

పాఠశాలకు రాసేటప్పుడు ఇవి అడగండి. ట్యాబ్‌లో ఏమేమి నమోదవుతుంది? ఎవరు చూస్తారు? ఎన్నాళ్లకు చెరుపుతారు? బడి వదిలాక కూడా పనిచేస్తుందా? హానికరమైన సైట్లకు అడ్డుకట్ట వేస్తే సంతోషమే. కెమెరా, మైకు జోలికి మాత్రం వెళ్లకూడదు.

ఏడో తరగతి అమ్మ

నియంత్రణలు వాడి పక్కన కూర్చునే పెడతాను. పాఠశాలకు ఆ ప్రశ్నలతో పాటు ఇంకొకటి రాస్తున్నాను: ఇలాంటి కష్టం వస్తే పిల్లలు ఏ టీచరు దగ్గరికి వెళ్లాలి? ఇప్పటిదాకా ఆ పేరు మాకెవరూ చెప్పలేదు.

ఇద్దరి నాన్న

ఇంట్లో నిఘా విషయంలో నేను ఇంకా మీతో ఏకీభవించలేను. మా పెద్దవాడి ఫోనులో యాప్ ఉంటుంది, అయితే ఉందని వాడికి చెబుతాను. పాఠశాల విషయంలో మాత్రం ఆ నాలుగు ప్రశ్నలూ మా పిల్లల బడిలో నేనూ అడుగుతాను.