ప్రార్థనకు లొంగని కోపం: విశ్వాసుల సలహా కావాలి

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాను, బాప్తిస్మం పొందిన విశ్వాసిని. తెల్లవారుజామున ప్రార్థనలో మనసు నెమ్మదిగానే ఉంటుంది. మధ్యాహ్నం కాటా దగ్గర టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క తేడా వస్తే చాలు, హమాలీల మీద నోరు పారేసుకుంటాను. ముందు దవడలు బిగుసుకుంటాయి, చెవులు వేడెక్కుతాయి. అప్పుడు ఒక్క బైబిలు వాక్యమూ గుర్తుకు రాదు.

శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. ఆత్మానుసారంగా నడుచుకోమనే గలతీ 5:16, 17 కంఠస్థం చేశాను. పాస్టరుగారితో కలిసి ప్రార్థించాను. ఆదివారం ఆరాధన బలం సోమవారం దాకా నిలుస్తుంది, అంతే.

మేలు చేయాలనుకుంటూనే కీడు చేస్తున్నానని రోమా 7లో అపొస్తలుడైన పౌలు చెప్పిన పోరాటమే ఇదని తెలుసు. దాన్ని సాకు చేసుకోలేను, మాటలు పడేది ఆ కూలీలు. ఆత్మచేత శరీర క్రియలను, అంటే పాపపు పనులను, చంపాలని రోమా 8:13 చెబుతోంది. కోపం నోటిదాకా వచ్చిన ఆ క్షణంలో మీరు దీన్ని ఎలా ఆచరిస్తున్నారు?