శాటిలైట్ ఫొటోలో నీడతో బిల్డింగ్ ఎత్తు: మైనస్ వస్తోంది, అర్జెంట్

బీటెక్ బాధితుడు: అన్నలూ, సార్లూ, పిచ్చెక్కిపోతోంది. రాత్రి తొమ్మిదికి కూర్చున్నా, ఇప్పుడు రెండున్నర. కర్నూలు సి. క్యాంప్‌లో ఒక జీ ప్లస్ త్రీ బిల్డింగ్ ఎత్తు శాటిలైట్ ఫొటోలో నీడను బట్టి లెక్కగట్టాలి. నీడ 7 మీటర్లు. నీడ ఇంటూ ట్యాన్ యాంగిల్, అంతేగా ఫార్ములా? యాంగిల్ 65. జవాబేమో మైనస్ 10.29! అది బిల్డింగా, బావా? నాలుగుసార్లు చేశా, అదే. పొద్దున పదింటికి మేడమ్‌కి చూపించాలి.

పిక్సెల్ పిచ్చోడు: ఫొటో ఏ నెలది? టైమెంత? పిక్సెల్ సైజ్ ఎంత? 65 అన్నది సన్ ఎలివేషనేనా?

రిటైర్డ్ సర్వేయర్: బాబూ, మైనస్ చూసి కంగారుపడొద్దు. ఎత్తు అన్నాక దేని నుంచి ఎత్తు అన్నది ముందు తేల్చుకోవాలి. మనం చెప్పుకునే ఎత్తు సముద్రమట్టం నుంచి. జీపీఎస్ నేరుగా కొలిచేది ఎలిప్సాయిడ్ అనే, కాస్త అణిగిన ఊహా గోళం నుంచి. మన వైపు ఈ రెండింటికీ సుమారు 80 మీటర్ల తేడా ఉంది. కర్నూలు సముద్రమట్టానికి 270 మీటర్ల పైచిలుకు అంటాం, ఎలిప్సాయిడ్ లెక్కలో అది 190 దగ్గరే తేలుతుంది. చెన్నై బీచ్‌లో నిలబడితే మైనస్సే వస్తుంది. ఇప్పటి పిల్లలకు ఈ పునాది చెప్పేవాళ్లు లేరు.

బీటెక్ బాధితుడు: సార్, నేను జీపీఎస్ వాడలేదు. ఫొటో మే నెలది, పొద్దున పదిన్నర, ఒక్కో పిక్సెల్ నేల మీద 50 సెంటీమీటర్లు. ఇవన్నీ కూడా చెప్పాలా?

పిక్సెల్ పిచ్చోడు: చెప్పకపోతే ఎట్లప్పా? మేలో మన దగ్గర సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. ఆ టైమ్‌కి 15 మీటర్ల ఇంటికి నీడ 7 మీటర్లే. అదే ఇంటికి డిసెంబర్‌లో పదిన్నరకు 16 మీటర్లు పడుతుంది. మే ఫొటోలో ఒక్క పిక్సెల్ అటూ ఇటూ అయితే ఎత్తులో మీటరు పైనే తప్పు. డిసెంబర్‌లో అర మీటరు లోపే. వేరే ఫొటో చూసుకో.

బీటెక్ బాధితుడు: ఫొటో ఫ్రెండ్ ఇచ్చాడన్నా, ఇదొక్కటే ఉంది. ముందు మైనస్ ఎందుకో చెప్పండి ప్లీజ్.

కార్టోశాట్ ఫ్యాన్: ఈ నీడల గోల వదిలెయ్ బ్రదర్. 2005లోనే ఇస్రో కార్టోశాట్-1 పంపింది. రెండు కెమెరాలు, ఒకటి ముందుకు 26 డిగ్రీలు, ఇంకొకటి వెనక్కి 5 డిగ్రీలు వంగి ఉంటాయి. రెండు కళ్లతో చూసినట్టు ఎత్తు తెలుస్తుంది. ఇస్రో మ్యాపుల సైట్ భువన్‌లో దాని ఎలివేషన్ డేటా ఫ్రీ.

పిక్సెల్ పిచ్చోడు: ఆ ఫ్రీ డేటా 30 మీటర్ల గడిది. ఒక్కో గడిలో సి. క్యాంప్ ఇళ్లు రెండు మూడు పడతాయి. ఒక ఇంటి ఎత్తు ఎలా తీస్తావు?

మేస్త్రీ మాట: ఎలివేషన్ అంటే ఇంటి ముందరి డిజైన్ కదా సామీ? మా సైట్లలో అదే అంటారు.

రిటైర్డ్ సర్వేయర్: కాదు. ఎలివేషన్ అంటే సముద్రమట్టం నుంచి ఎత్తు.

పిక్సెల్ పిచ్చోడు: ఇక్కడ రెండూ కాదు సార్. సూర్యుడు దిగంతం నుంచి ఎన్ని డిగ్రీలు పైకి ఉన్నాడో అది.

రిటైర్డ్ సర్వేయర్: దాన్ని మేము ఆల్టిట్యూడ్ అనేవాళ్లం. 30 ఏళ్లు కోణాలు కొలిచే థియోడొలైట్ మోశా, నాకు నేర్పొద్దు.

రాత్రి డ్యూటీ: ఎక్సెల్‌లో చేశావా? రేడియన్లు.

బీటెక్ బాధితుడు: ఎక్సెల్‌లోనే అన్నా. అంటే?

రాత్రి డ్యూటీ: రేడియన్ అంటే కోణానికి ఇంకో కొలత. ట్యాన్‌కి 65 ఇస్తే అది డిగ్రీలు కాదు, 65 రేడియన్లు అనుకుంటుంది. ముందు రేడియన్స్ ఫంక్షన్‌లో పెట్టి డిగ్రీలను మార్చి, అది ట్యాన్‌కి ఇవ్వు.

బీటెక్ బాధితుడు: 15.01!! దేవుడా. ఐదు గంటలు పోయాయి.

మేస్త్రీ మాట: జీ ప్లస్ త్రీకి 15 ఎక్కువే. అంతస్తుకు పదడుగుల లెక్కన 40, బేస్‌మెంట్ రెండు, పిట్టగోడ మూడు. 45 అడుగులు, అంటే 13.7 మీటర్లు. పైన మెట్ల గది నీడ పట్టుకున్నావేమో చూడు.

బీటెక్ బాధితుడు: చూస్తా అన్నా. థాంక్స్ అందరికీ, పడుకుంటున్నా.

పిక్సెల్ పిచ్చోడు: ఆగు. నీడను గోడ అడుగు నుంచి కొలిచావా, పైకప్పు అంచు నుంచా? శాటిలైట్ పక్కకు వంగి తీస్తే పైకప్పు జరిగినట్టు కనిపిస్తుంది. అది సూర్యుడి వైపు నుంచే చూస్తే అడుగున నీడ కొంత ఇంటి వెనకే దాక్కుంటుంది. ఇంకోటి, ఫొటోతో వచ్చే వివరాల ఫైల్‌లో రెండు ఎలివేషన్లు ఉంటాయి, ఒకటి సూర్యుడిది, ఒకటి శాటిలైట్‌ది. ఇంతకీ ఆ 65 ఎవరిది?

పిక్సెల్ పిచ్చోడు: ఉన్నావా?

రిటైర్డ్ సర్వేయర్: ఎలిప్సాయిడ్ గురించి నేను చెప్పినదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.